స్టేజి మీద చెప్పు

ఎక్స్‌ప్రెషన్ పెడల్ అంటే ఏమిటో మీకైనా చెప్తాను, మా వీధి గణపతి ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు గారికి చెప్పడం ఎలాగూ కుదరలేదు. గిటార్ శబ్దానికి ఎకో లాంటివి కలిపే ఎఫెక్ట్ పెట్టెకి తగిలించి కాలితో తొక్కే పలక అది. లోపల ఒక 10కె, అంటే పదివేల ఓమ్‌ల, వాల్యూమ్ కంట్రోలు, వైరు గుచ్చడానికి ఒక పి-38 స్టీరియో సాకెట్టు, అంతే. పలక వంగితే కంట్రోలు తిరుగుతుంది, ఎకో పెరుగుతుంది. కంపెనీది కొనాలంటే వేలల్లో ఉంది, అందుకని మా విజయనగరం గంటస్తంభం వైపు వెళ్ళి సామాన్లు తెచ్చుకుని నేనే చేశాను. కంట్రోలు పూర్తిగా తిరగాలంటే దాదాపు 300 డిగ్రీలు కావాలి, పాదం వంగేది పాతికో ముప్పయ్యో, ఆ తేడా పూడ్చడానికి పాడైన డీవీడీ డ్రైవులోంచి పళ్ళపట్టీ, గేరూ పీకి బిగించాను. పైగా ఇంకో 10కె కంట్రోలు సిరీస్‌లో పెట్టి బయటికి గుండీ ఇచ్చాను. దాన్ని ఒక చివరికి తిప్పేస్తే ఎంత తొక్కినా వోల్టేజి సగం దగ్గరే ఆగిపోతుంది, ఎకో చెయ్యి దాటదు. అడ్జస్టబుల్ అన్నమాట. ఇంత పనితనం ఎవరి కంటా పడలేదు. పడిందల్లా పాదం జారకుండా పలక మీద అంటించిన హవాయి చెప్పు ఒక్కటే.

చవితి పందిట్లో మా బ్యాండుకి అరగంట ఇచ్చారు. వైర్లన్నీ కలిపి తల ఎత్తేసరికి ప్రెసిడెంటు గారు ఎదురుగా ఉన్నారు.

"ఏటి బాబూ, స్టేజి మీద సెప్పేటి?"

"చెప్పు కాదండీ, పెడల్."

"పెడలో గిడలో. సెప్పే కదా?"

"చెప్పు అంటే వేసుకునేదండీ. దీనికి వారు లేదు చూడండి, కోసేశాను."

"అయితే తెగిపోయిన సెప్పు. ఇంకా దరిద్రం."

ఈలోగా జనం పోగయ్యారు. ఒకాయన వంగి వాసన చూశారు కూడా, ఎందుకో తెలీదు. అది కొత్త చెప్పండీ, ఒక్కసారి కూడా వేసుకోలేదండీ అన్నాను. కొత్తదైతే మాత్రం సెప్పు సెప్పు కాకుండా పోద్దా అన్నారు. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. నాలో లాయరు లేచాడు. మృదంగానికి తోలు లేదాండీ, అది స్టేజి మీద ఉండొచ్చు గానీ ఈ రబ్బరు ఉండకూడదా అన్నాను. "మృదంగం కాలితో వాయిస్తారేటి?" అన్నారాయన. కాలితో తొక్కే హార్మోనియం పెట్టే కదండీ పద్య నాటకాలన్నీ ఆడారు అన్నాను. "హార్మోనియానికి సెప్పు కట్టారా?" ఇక లాభం లేదని ఊరి పరువే తీసుకొచ్చాను. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరండీ మనది, దాని మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో ఒకేసారి వేర్వేరు తాళాలు వేసేవారట, విజయనగరంలో సంగీతానికి కాళ్ళు కొత్తేమీ కాదండీ అన్నాను. నా డైలాగుకి నాకే ఒళ్ళు పులకరించింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తలలూపారు.

ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం ఆలోచించి, "దాసు గారు సెప్పులేసుకుని ఏశారేటి?" అన్నారు.

తలలూపినవాళ్ళంతా అటు తిరిగిపోయారు.

సరే, పీకేస్తాను అని వేళ్ళు పెట్టాను. రాలేదు. అంత బాగా అంటించాను. చివరికి కమిటీ కుర్రాడొకడు పసుపు గుడ్డ తెచ్చి పెడల్ మొత్తానికి చుట్టి ముడేశాడు, ఆ చుట్టడంలో గుండీ ఏ చివరికి తిరిగిందో దేవుడికే తెలియాలి. దేవుడు అక్కడే ఉన్నాడు లెండి. అప్పుడే ముఖ్య అతిథి వచ్చి, నల్ల బూట్లతో టకటకా మెట్లెక్కి, స్టేజి మధ్యలో సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారే శాలువా కప్పారు. ఆ బూటు మొన వినాయకుడి వైపే ఉంది. నేను ఆ బూట్ల వైపు చూశాను, ప్రెసిడెంటు గారి వైపు చూశాను, ఆయన పందిరి బల్బులు చూస్తున్నారు.

మొదటి పాట రెండో చరణంలో గట్టిగా తొక్కాను, గుడ్డ అంచు వెళ్ళి గేరులో ఇరుక్కుంది. పెడల్ ఫుల్లులో బిగుసుకుపోయింది. ఫీడ్‌బ్యాక్, అంటే వచ్చిన ఎకో మళ్ళీ ఎఫెక్ట్‌లోకే వెళ్ళడం, హద్దు దాటితే ఒక్కో ఎకో ముందుదానికంటే పెద్దగా వస్తుంది, తీగల మీద చెయ్యి వేసి నొక్కేసినా ఆగదు. కాలితో లాగాను, వంగి గుడ్డ పీకాను, ముడి ఊడితే కదా. ముఖ్య అతిథి చెవులు మూసుకున్నాడు. మైకు సెట్టు అతను మెయిన్ ఆపేశాడు, దాంతో దేవుడి మీద సీరియల్ లైట్లు కూడా ఆరిపోయాయి. చెప్పు ఎక్కిందని స్వామికి కోపం వచ్చిందని ఎవరో అన్నారు, బూట్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ప్రసాదం తీసుకుని వచ్చేసరికి పెడల్ లేదు. కమిటీవాళ్ళు తీసుకెళ్ళి గేటు పక్కన చెప్పుల స్టాండులో పెట్టారు. అక్కడి కుర్రాడు టోకెన్ లేకుండా ఇవ్వనన్నాడు. వైరు చూపించాను, సాకెట్టు చూపించాను, గేరులో ఇరుక్కున్న పసుపు గుడ్డ చూపించాను. వాడు పెడల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే అన్నా, నీదే అనుకుందాం, మరి రెండోదేదీ?" అన్నాడు.