ఓడోమీటరు గారికి ఒక ఆడిట్ అభ్యంతరం

బండి తిరిగిన కిలోమీటర్లు లెక్కగట్టే మహారాజశ్రీ ఓడోమీటరు గారికి, మీరు కొలువై ఉన్న బండి ప్రస్తుత యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలమేనన్న సంగతి డ్యాష్‌బోర్డు మీద మీ వెలుగు చూస్తేనే తెలుస్తోంది. నా కుశలం ఎలా చెడిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొన్న మంగళవారం ఆయిలు మార్పించడానికి మిమ్మల్ని సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లాను. మూడు గంటలు కూర్చోబెట్టి, యంత్రం పోసిన చప్పటి కాఫీ రెండుసార్లు తాగించిన తరువాత, కౌంటరు దగ్గరి కుర్రవాడు చాసిస్ నంబరు కంప్యూటరులో కొట్టి, ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూసి, "అంకుల్, మీటర్ ఏమైనా మార్పించారా?" అని చాలా మర్యాదగా అడిగాడు. తెర నా వైపు తిప్పాడు. రెండేళ్ల కిందట ఢిల్లీలో ఈ బండికి చివరి సర్వీసు జరిగిననాటికి అది తిరిగిన దూరం 1,31,204 కిలోమీటర్లు. రెండు నెలల కిందట నేను కొన్ననాడు మీరు చూపించినది 48,317. తేడా 82,887. భూమధ్యరేఖ వెంబడి భూమిని రెండుసార్లు చుట్టి వచ్చినా ఇంకా రెండు వేల ఏడు వందల కిలోమీటర్లు మిగిలే దూరాన్ని, తమరు పలక మీద బలపం గీతలా తుడిచేసుకుని కూర్చున్నారు. పైగా అది కనీసపు లెక్క మాత్రమే. ఆ సర్వీసుకూ నా కొనుగోలుకూ మధ్య ఆ బండి ఇంకెంత తిరిగిందో చెప్పగలిగినవారు మీరొక్కరే, మీరేమో చెప్పరు.

అయ్యా, నేను ముప్ఫై ఒక్క ఏళ్లు సహకార శాఖలో పద్దులు తనిఖీ చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎరువుల గోదాములో బస్తాల లెక్క గుండ్రంగా ఐదు వందలు అని కనబడితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. నాలుగు వందల తొంభై మూడు అని ఉంటే హాయిగా సంతకం పెట్టేవాణ్ణి. మీరు 48,000 చూపించి ఉంటే అక్కడికక్కడే లేచి వచ్చేవాణ్ణి. యాభై వేలకు ఒకటి తక్కువగా 49,999 చూపించి ఉన్నా నవ్వి ఊరుకునేవాణ్ణి. మీరు చూపించినది 48,317. ఆ 317 నన్ను ముంచింది. ఎవరి ముందూ చేతులు కట్టుకోని అంకె అది. రోజూ ఆసుపత్రికి వెళ్లి, ఆదివారం గుడికి వెళ్లి, ఏడాదికోసారి హరిద్వారం చూసి వచ్చిన గృహస్థు బండికి సహజంగా పోగుపడినట్టున్న అంకె. దాన్ని ఎవరో కూర్చుని ఆలోచించి మరీ వేశారన్న మాట మంగళవారం నుంచి నన్ను కుదురుగా అన్నం తిననివ్వడం లేదు. ఎక్కడో ఒక రేకుల షెడ్డులో, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రవాడు "ఎంత పెట్టమంటారు?" అని అడిగి ఉంటాడు. "నలభై ఎనిమిది పెట్టు" అని జవాబు వచ్చి ఉంటుంది. చివరి మూడంకెలు ఆ కుర్రవాడి సొంత కవిత్వం. అవి అతని ఇంటి నంబరా, హాల్‌టికెట్ నంబరా, లేక నాలాంటి ముసలి ఆడిటరు ఒకడు వస్తాడని ముందే ఊహించి వేసిన ఎరా?

మా బావమరిదికి ఆ రోజే అనుమానం వచ్చింది. యార్డులో బండి చుట్టూ తిరిగి, డ్రైవరు సీటు మీద చెయ్యి వేసి నొక్కి, "బావా, నలభై ఎనిమిది వేలకే సీటు ఇంత కుంగుతుందా?" అన్నాడు. అమ్మే పెద్దమనిషి రెప్ప కూడా వాల్చకుండా, "ఢిల్లీ డాక్టరు గారి బండండీ, సింగిల్ ఓనర్. ఆయన కాస్త లావు మనిషి" అన్నాడు. నేను నవ్వాను. బ్రేకు పెడలు రబ్బరు కొత్తగా మెరుస్తోంది, స్టీరింగుకు కొత్త తొడుగు కుట్టి ఉంది. జాగ్రత్తపరుడైన డాక్టరు అనుకుని మెచ్చుకున్నాను కూడా. మన దేశంలో సెకండ్‌హ్యాండ్ బండి అన్నది డాక్టరుదో, బ్యాంకు మేనేజరుదో, బడికి వెళ్లివచ్చే టీచరమ్మదో తప్ప, రాత్రింబవళ్లు అద్దెకు తిరిగినవాడిది ఎప్పుడూ కాదు.

మీ వంశం మీద నాకు గౌరవం లేకపోలేదు. రోమన్ల కాలంలో మీ పూర్వీకుడు చక్రం నాలుగు వందల చుట్లు తిరిగినప్పుడల్లా ఒక గులకరాయిని పెట్టెలో టక్కున పడేసేవాడట. రాళ్లు లెక్కపెడితే మైళ్లు తెలిసేవి. ఒకడు చెయ్యి పెట్టి రాళ్లు తీసేస్తే తీసేసి ఉండవచ్చు, కానీ తీసిన రాళ్లను ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి కదా. కేబులు మీటర్ల రోజుల్లో కూడా దాన్ని ఊడదీసి డ్రిల్లు మిషనుతో గంటల తరబడి వెనక్కి తిప్పేవారు. దొంగతనమే అయినా అందులో ఒళ్లు వంచే పని ఉండేది. ఇప్పుడు మీ జ్ఞాపకమంతా గోరంత చిప్పులో ఉంది. మెకానిక్కులు బండి లోపాలు కనిపెట్టడానికి కంప్యూటరు తగిలించే, స్టీరింగు కింది ఓబీడీ పోర్టుకు ఒక తీగ తగిలిస్తే, చాయ్ చల్లారేలోపు మీకు పునర్యవ్వనం వస్తుంది.

ఇంత తేలికగా మారే అంకెకు కాగితం మీద ఒక సాక్షి అయినా ఉండాలని మీకు అనిపించలేదా? ఢిల్లీ నుంచి తెచ్చిన బండి కనుక ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి, లైఫ్ టాక్స్ కట్టాలి. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు అక్కడ తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పి, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసిన దగ్గర నుంచి, వయసు మీద పడుతున్న ఢిల్లీ బండ్లకు మన హైదరాబాదే వృద్ధాశ్రమం. ఆ పని మీద నేను నెలన్నర తిరిగాను. ఆర్సీలో బండి రంగు ఉంది, బరువు ఉంది, ఎందరు కూర్చోవచ్చో ఉంది, ఇంజను ఎన్ని సీసీలో ఉంది. పన్ను వేయడానికి బండి వయసు అడిగారు, ఎప్పుడో మొదటి యజమాని కొన్ననాటి ఇన్‌వాయిస్ అడిగారు, అది దొరికేదాకా నన్ను నాలుగుసార్లు వెనక్కి పంపారు. ఇరవై తొమ్మిదో నంబరు ఫారం, ముప్ఫయ్యో నంబరు ఫారం పూర్తి చేసి సంతకాలు పెట్టాను. ఇన్ని కాగితాలలో ఏ ఒక్కటీ బండి ఎంత తిరిగిందని నన్ను అడగలేదు. నేను డబ్బు పోసి కొన్నది ఏ అంకెను చూసో, ఆ అంకె ప్రభుత్వానికి అక్కరలేదు. డల్లాస్‌లో మా మేనకోడలు పాత కారు కొన్నప్పుడు యాజమాన్య పత్రం మీదనే రీడింగ్ వేసి అమ్మినవాడు సంతకం పెట్టాడట. మీటరు వెనక్కి తిప్పడాన్ని అక్కడ 1972లోనే నేరం చేశారు. బెల్జియంలో 2006 నుంచి ప్రతి గ్యారేజీ రీడింగును ఒకచోటికి పంపవలసిందే, ఆ చరిత్ర అంతా రాసి ఉన్న కాగితం లేకుండా పాత బండి అమ్మడానికి లేదు. మన దగ్గర 2022 డిసెంబరులో ఇచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, గుర్తింపు పొందిన డీలరు తన దగ్గర ఉన్న బండిని ఎక్కడికి, ఎందుకు, ఎంత దూరం తిప్పాడో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. యార్డు నుంచి పెట్రోలు బంకు దాకా వెళ్లిన దూరానికి పద్దు ఉంది. మాయమైన 82,887 కిలోమీటర్లకు లేదు.

విదేశాల నుంచి వాడిన కారు తెప్పించుకున్నా ఇదే వరస. తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు వేగాన్ని కిలోమీటర్లలోనే చూపించాలి అని నిబంధన. మీ పక్కింటాయన ఏ కొలతలో మాట్లాడాలో రాశారు గానీ, మీరు నిజం మాట్లాడాలని రాయడం మరిచిపోయారు. అన్నట్టు, అంకె తిప్పడంలో మీకంటే పెద్దలు ఉన్నారు. అలాంటి కార్ల మీద మూల సుంకం 125 శాతం ఉండేది. 2025 బడ్జెట్‌లో దాన్ని 70కి తగ్గించారు. జనం చప్పట్లు కొట్టేలోపే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు అని 67.5 శాతం పక్కన చేరింది. వెనుకటి సర్‌చార్జితో కలిపి అప్పుడూ 137.5, ఇప్పుడూ 137.5. పైకి కనబడే అంకె వెనక్కి తిరిగింది, లోపలి బరువు అంతే ఉంది. షెడ్డులోని మన కుర్రవాడికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు.

సరే, డబ్బు పోయింది, పోనివ్వండి. సర్వీస్ సెంటరు కుర్రవాడు చివర్లో చెప్పిన మాట మాత్రం క్షమించలేను. టైమింగ్ బెల్టు మార్చవలసిన దూరం ఎప్పుడో దాటిపోయిందట. అది నడిచే బండిలో తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇంకా బోలెడు దూరం ఉందిలే అని నీ ముఖం చూసుకుని, గత నెల రాత్రి పదిన్నరకు, నా భార్యను, ఏడేళ్ల మనవరాలిని ఎక్కించుకుని విజయవాడ రోడ్డు మీద నూట పది వేగంతో వచ్చాను. నిన్ను నమ్మి వచ్చాను! ఆ బెల్టు ఆ రాత్రి లారీల మధ్య తెగి ఉంటే, ఆ 317ను నేను ఎవరి గడపకు తీసుకువెళ్లి చూపించాలి? డాక్టరు గారి లావు గురించి నాకు కథ చెప్పిన ఆ మనిషి ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. నీకేమో సిగ్గు లేదు, తాళం తిప్పగానే మళ్లీ అదే పచ్చటి వెలుగుతో పలకరిస్తావు.

కోపంలో ఏకవచనం వచ్చేసింది. వచ్చినదాన్ని వెనక్కి తిప్పను. ఆ అలవాటు నాది కాదు.

బెల్టు మార్పించి, గురువారం తెల్లవారుజామున నిన్ను మళ్లీ అదే రోడ్డు మీదికి తీసుకువెళ్లాను. పాత ఉద్యోగపు బుద్ధి పోలేదు. చౌటుప్పల్ దాటిన దగ్గర నుంచి సూర్యాపేట దాకా రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లకూ నీకూ లెక్క సరిచూస్తూ పోయాను. ఒక్క కిలోమీటరు తేడా రాలేదు. నీ నెత్తిన పెట్టిన అబద్ధం మీద నువ్వు ఆ రోజు నుంచి ఒకటికి ఒకటి, నిజాయితీగా కలుపుతూనే వస్తున్నావు. ప్రారంభ నిల్వ తప్పు, ఆ తరువాత పద్దులన్నీ ఒప్పు. అలాంటి గుమాస్తాలను నేను నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్ల మీద నివేదిక రాయడానికి నాకు ఎప్పుడూ చెయ్యి వచ్చేది కాదు.

ఇంటికి వచ్చాక ఒక తెల్ల చీటీ మీద ఎర్ర సిరాతో "కనిష్ఠంగా 82,887 కలుపుకోవలెను" అని రాసి, కింద పొట్టి సంతకం చేసి, నీ పక్కనే అంటించాను. సాయంత్రం బావమరిది వచ్చి దాన్ని చదివి, "అమ్మేటప్పుడు రేటు సగానికి పడిపోతుంది బావా, ముందు అది పీకెయ్యి" అన్నాడు.

ఇప్పటికైతే పీకలేదు.

ఇట్లు,
నీ రెండో యజమాని (ఆర్సీ ప్రకారం)