తాతగారి ప్రోనోటు

(పర్లాకిమిడి. సాయంత్రం. పార్వతి వాళ్ళ నాయనమ్మ ట్రంకుపెట్టె హాలు మధ్యలో తెరిచి ఉంది. కలరా ఉండల ఘాటుకి సింహాచలం తుమ్ముతున్నాడు.)

సింహాచలం: మీ నాయనమ్మ పెట్టెలో మా తాత చరిత్ర ఎందుకుంటుందే?

పార్వతి: ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో దొరికిందా మరి? రాత్రంతా ఫోన్లో ఒడియా అక్షరాలు కూడబలుక్కున్నారు. భూమి ఉన్నవాళ్ళకి కదా భూలేఖ్!

సింహాచలం: మా తాత భూములు కొనే రకం కాదు. దివాణంలో గుమాస్తా. కృష్ణచంద్ర గజపతి మహారాజుగారు 1937లో ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి అయినప్పుడు పక్కన కూర్చుని ఉత్తరాలన్నీ రాసింది ఆయనే. ముఖ్యమంత్రిని అప్పుడలాగే అనేవారు, తెలుసా?

పార్వతి: తెలుసు. ఇదిగో, ఇది చదవండి.

సింహాచలం: (కళ్ళజోడు సర్దుకుని) "ధాత నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి..." అబ్బ, తేదీతో సహా! ప్రభవ 1987. ప్రభవ, విభవ, శుక్ల... (వేళ్ళు మడుస్తూ) పదోది ధాత. అంటే 1996!

పార్వతి: 1996లో మన పెద్దాడు బడికెళ్తున్నాడు. జార్జి బొమ్మ అణా స్టాంపు మీకెవరమ్మారండీ? అరవై వెనక్కి జరగండి.

సింహాచలం: 1936! అయితే పాత రికార్డులకి మద్రాసు వెళ్ళాల్సిందే. మనది అప్పుడు మద్రాసు రాష్ట్రం, గంజాం జిల్లా.

పార్వతి: జిల్లా సరే. ఆ ఏడాది ఏప్రిల్ 1నే ఒడిశా వేరుపడింది. దీపావళి వెళ్ళాక కదా కార్తీకం! మద్రాసు టికెట్టు మానేసి కింది లైను చూడండి.

సింహాచలం: "రంగం పోవుటకు ఓడ ఖర్చుల నిమిత్తం తమ వద్ద అప్పుగా పుచ్చుకొన్న రొక్కం రూ. 40..." రంగమా? అంటే బర్మాలో రంగూన్! దివాణం పని మీద అయ్యుంటుంది.

పార్వతి: ఆఁ, దివాణం పనికి మా తాత దగ్గర అప్పు! చిన్నరైల్లో నౌపడ, అక్కణ్ణించి పెద్దరైల్లో బరంపురం, గోపాలపురం రేవులో ఓడ. కూలికి వెళ్ళిన వాళ్ళంతా పోయిన దారే. కింద సంతకం చూశారా?

సింహాచలం: ...వేలిముద్ర.

పార్వతి: మహారాజుగారి ఉత్తరాలు కూడా బొటనవేలితోనే రాసుంటారు.

సింహాచలం: ఇప్పుడు ఏమంటావ్?

పార్వతి: నెలకి నూటికి రూపాయి వడ్డీ. 90 ఏళ్ళకి 432, అసలుతో 472.

సింహాచలం: ఇంతేనా! ఇదిగో 500, చిల్లర ఉంచుకో.

పార్వతి: అది బారువడ్డీ. ఏడాదికోసారి అసల్లో కలుపుకుంటూ పోతే (ఫోన్ చూపిస్తూ) 10 లక్షల 75 వేలు.

సింహాచలం: (500 వెనక్కి లాక్కుని) కాలదోషం పట్టింది! మూడేళ్ళు దాటిన ప్రోనోటు కోర్టులో చెల్లదు.

పార్వతి: కోర్టుకెవరు వెళ్తారు? నాకు వంటింట్లో చెల్లుతుంది. రేపట్నించి కాఫీకి ముందు కిస్తీ.

సింహాచలం: ఉండు, వెనక ఏదో రాసుంది. "ఈశ్వర ఆషాఢంలో రంగం మనియార్డరు వల్ల ముట్టినది రూ. 15 చెల్లు." చేరారే! ఓడ దిగారు, పని దొరికింది, ఏడాది తిరక్కుండా డబ్బు పంపారు! గుమాస్తా కాకపోతేనేం, మాట మీద నిలబడ్డ మనిషి.

పార్వతి: (ఒక్క క్షణం ఆగి) నిజమే. ఊరుగాని ఊళ్ళో తిండి మానుకుని పంపుంటారు.

సింహాచలం: చూశావా!

పార్వతి: మిగతా 25?

సింహాచలం: రాక్షసివే నువ్వు. సరే, దీనికి ఫ్రేము కట్టిస్తాను. రెండు వైపులా కనపడేలా అద్దం వెయ్యమంటాను. ఓ వెయ్యి సర్దు, పింఛను పడగానే ఇచ్చేస్తా.

పార్వతి: సర్దుతాను. కాగితం తెచ్చుకోండి, నోటు రాద్దురు గాని.