పెద్దరికం అనే కొలేషన్

కోనసీమలో పెళ్లి పిలుపుల జాబితా రాయడం ఎంత బాధ్యతో తెలియనివాడే దాన్ని కంప్యూటరుకి అప్పగిస్తాడు. నేను అప్పగించాను. అమలాపురంలో మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి, ఆరొందల పేర్లు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసులోకి ఎక్కించి వరస పెట్టమన్నాను.

ఆ వరస చూసి మా పెద్దత్తయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. బళ్లో మనం క్షని చివర్లో నేర్చుకున్నామా, ఎస్‌క్యూలైట్‌కసలు క్ష అనే అక్షరమే లేదు, క, పొల్లు, ష అని మూడు ముక్కలు చేసి క వాళ్ల బంతిలోనే కౌ తర్వాత కూర్చోబెట్టింది. 10వ వార్డు 2వ వార్డుకన్నా ముందొచ్చింది. ఇందులో పుట్టుకతో ఉన్న వరస పద్ధతులు, అంటే కొలేషన్లు, మూడే: బైనరీ, నోకేస్, ఆర్‌ట్రిమ్. నోకేస్ పని పెద్దబడి (కేపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా చూడకపోవడం, అదీ ఇంగ్లీషు 26 అక్షరాలకే. పెద్దా చిన్నా తేడా చూడని పద్ధతి గోదావరి జిల్లాల్లో ఎవరికి కావాలండీ?

అందుకని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంత కొలేషన్ ఫంక్షన్ రాశాను. ఎస్‌క్యూలైట్ దానికి రెండు పేర్లు చేతికిస్తుంది, మొదటిది ముందైతే మైనస్, వెనకైతే ప్లస్, సమానమైతే సున్నా చెప్పాలి, అంతే. పైథాన్ 3.11 నుంచి కొలేషన్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు కాబట్టి 'పెద్దరికం' అని పెట్టాను. పేరు చూసి చుట్టరికం తెలీదు గనక ఫంక్షన్ లోపల ఆ పట్టిక కూడా పెట్టాను. సున్నాకి మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు.

అసలు చిక్కు వేరే. పెద్దల్లుడు మేనమామకన్నా ముందు, అల్లుడు కాబట్టి. మేనమామ వియ్యంకుడికన్నా ముందు, పెళ్లికూతుర్ని గంపలో తెచ్చేది ఆయనే కాబట్టి. వియ్యంకుడు పెద్దల్లుడికన్నా ముందు, అది అడగాల్సిన విషయమే కాదు. ఇలా గుండ్రంగా తిరిగితే ఫలితానికి పూచీ లేదని ఎస్‌క్యూలైట్ ముందే చేతులు దులుపుకుంది. పైగా పెద్దత్తయ్య అలిగి రూలు మార్పించినప్పుడల్లా రీఇండెక్స్ చెయ్యాలి, అంటే ముందే వరసపెట్టి దాచుకున్న ఇండెక్సుని మళ్లీ కట్టించాలి, లేకపోతే ఇండెక్సు నిన్నటి పెద్దరికాన్నే పట్టుకు వేలాడుతుంది.

పెళ్లిరోజు హైదరాబాదు నుంచి వచ్చిన మా బావ అదే ఫైలుని తన లాప్‌టాప్‌లో తెరిచాడు. పెద్దరికం అనే కొలేషనే లేదని ఎర్రర్. ఫైల్లో ఉండేది పేరు మాత్రమే, ఫంక్షన్ మన ప్రోగ్రాములో ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవాలి. ఇదంతా పందిట్లో నిలబడి వివరిస్తుంటే పెద్దత్తయ్య ఒక్కటే అడిగింది: "ఏ ఊరి వాళ్లదిరా ఆ లాప్‌టాప్?"