ఆల్బమ్ చింపి అమ్మకండి

పోయిన నెల జర్మనీలోని లైప్‌జిగ్‌లో పాత సామాన్ల సంతకి వెళ్లి రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనికుడి ఆల్బమ్ ఒకటి కొన్నాను. ఆల్బమ్ అంటే అట్టలూ, నల్ల కాగితాలూ మాత్రమే. ఫోటోలన్నీ ఆ అమ్మేవాడు ముందే పీకి ఆన్‌లైన్‌లో విడివిడిగా అమ్మేశాడట. ట్యాంకు ఉన్న ఫోటోకి ఎక్కువ రేటు, ఊరికే మనుషులున్న దానికి తక్కువ. "ఖాళీదే కదా, ఐదు యూరోలివ్వండి" అన్నాడు. అప్పట్నుంచీ నాకు కడుపు మండుతూనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో చాలామంది జర్మన్ సైనికుల దగ్గర సొంత కెమెరాలుండేవి. తీసుకున్న ఫోటోలు ఇంట్లో ఆల్బమ్‌లో అతికించి కింద తెల్ల పెన్సిల్‌తో రాసుకున్నారు. ఇప్పుడు వారసులు ఇల్లు ఖాళీ చేసినప్పుడు అవన్నీ సంతకి వస్తున్నాయి. అందులోంచి ఒక్క ఫోటో విడిగా చేతికొస్తే, అది ఏ దళమో చెప్పడం ఎంత కష్టమో పట్టి చూసినవాళ్లకే తెలుస్తుంది. నంబరు ప్లేటు మీద డబ్ల్యూ హెచ్ అని ఉంటే పదాతి, ట్యాంకు దళాలన్నీ ఉండే సైన్యం, డబ్ల్యూ ఎల్ ఉంటే వైమానిక దళం, అంతవరకే. భుజం పట్టీ అంచు రంగు పదాతి దళానికి తెలుపు, ట్యాంకులవాళ్లకి గులాబీ, ఫిరంగులవాళ్లకి ఎరుపు, కానీ ఫోటో బ్లాక్ అండ్ వైట్, పైగా అప్పటి కొన్ని ఫిల్ముల మీద ఎరుపు నల్లగా పడుతుంది. మడ్‌గార్డ్ మీద తెల్ల జి అక్షరం కనిపిస్తే ట్యాంకు దళాల జనరల్ గుడేరియన్ కింద నడిచిన బండి అనుకోవచ్చు. ఏ ఊళ్లో, ఎప్పుడు అన్నది తెలియాలంటే మాత్రం పక్క ఫోటోలో గోడ మీద బోర్డు ఏ లిపిలో ఉందో చూడాలి. ఆ పక్క ఫోటో ఇంకో దేశంలో ఇంకొకరు కొనుక్కున్నారు!

ఇక అమ్మేవాళ్లు పెట్టే పేర్లు. కాలర్ మీద పుర్రె కనిపిస్తే చాలు, ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) అని రాసేస్తారు. మామూలు సైన్యంలో నల్ల యూనిఫాం వేసుకున్న ట్యాంకు సిబ్బందికీ కాలర్ మీద పుర్రె ఉండేది. డేగ బొమ్మ కుడి ఛాతీ మీదుంటే సైన్యం, ఎడమ చేతి మీదుంటే ఎస్ఎస్. ముందు అది చూడండి. ప్రతి ట్యాంకూ టైగర్ అనే పెద్ద జర్మన్ ట్యాంకే అంటారు. టైగర్ యుద్ధంలోకి దిగిందే 1942లో, 1941 ఆల్బమ్‌లోకి ఎక్కడ్నుంచి వస్తుంది?

పేరు తప్పు పడితే ఏమవుతుందో 1999లో జర్మనీ చూసింది. హిట్లర్ కాలపు జర్మన్ సైన్యం చేసిన నేరాల మీద 1995లో హాంబుర్గ్‌లో మొదలైన ప్రదర్శనలో కొన్ని శవాల ఫోటోలు నిజానికి సోవియట్ రహస్య పోలీసులు చంపినవాళ్లవని తేలి మొత్తం ప్రదర్శనే ఆపేయాల్సి వచ్చింది. చరిత్రకారుల కమిటీ చూస్తే దాదాపు 1400 ఫోటోల్లో సంబంధం లేనివి ఇరవై లోపే. సైన్యం నేరాలు చేసిందన్న అసలు విషయం నిలబడింది. కానీ అది ఒప్పుకోనివాళ్లకి ఆ కొద్ది ఫోటోలే చాలినన్ని రోజులు మాట దొరికింది.

ఆల్బమ్ చెక్కు చెదరకుండా ఉంటే ఏం దొరుకుతుందో కూడా చూడండి. 2007లో వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియంకి 116 ఫోటోల ఆల్బమ్ ఒకటి చేరింది, దాని మీద యజమాని పేరు లేదు. కమాండెంట్ బేయర్‌తో కలిసి, ఆష్విట్జ్, 21.6.44 అని ఒక ఫోటో కింద రాసి ఉంది. ఆష్విట్జ్ అంటే నాజీలు లక్షలమంది యూదుల్ని చంపిన క్యాంపు, బేయర్ దాని అధిపతి. ఆ బేయర్ పక్కనున్న మనిషే పేజీ తర్వాత పేజీలో కనిపిస్తుంటే, అది అతని అడ్జుటెంట్ (సహాయక అధికారి) కార్ల్ హ్యోకర్ ఆల్బమ్ అని పట్టుకున్నారు. అందులో అమ్మాయిలు వరసగా కూర్చుని బ్లూబెర్రీలు తింటుంటారు, ఒకామె ఖాళీ గిన్నె తిప్పి చూపిస్తూ ఏడుపు మొహం పెడుతుంది. ఆ ఒక్క ఫోటోనే విడిగా అమ్మి ఉంటే? పిక్నిక్ ఫోటో అనుకుని ఎవరి డ్రాయరులోనో పడి ఉండేది. వాళ్లు క్యాంపులో పనిచేసిన సిబ్బంది అని చెప్పింది మిగతా పేజీలే.

డబ్బు కావాలంటే అమ్ముకోండి, నేను కాదనను. కానీ పీకే ముందు ప్రతి పేజీ స్కాన్ చేయండి. ఫోటో వెనక్కూడా చేయండి, అక్కడ పెన్సిల్ రాత ఉంటుంది, కాగితం కంపెనీ ముద్ర ఉంటుంది. ఒక గంట పని.

నా దగ్గరున్న ఖాళీ ఆల్బమ్‌లో పదకొండో పేజీలో నాలుగు జిగురు మరకలున్నాయి, వాటి కింద వంకర టింకర అక్షరాలతో రాసి ఉంది: "మా బండి, స్మోలెన్‌స్క్ దగ్గర. ఎడమ వైపు చివర నేను."