కన్సోల్ యుద్ధ వీరులకు పెన్షన్ ఇవ్వాల్సిందే

ఏ కంపెనీ కన్సోల్ (వీడియో ఆటల మెషీన్) గొప్పదన్న కన్సోల్ యుద్ధంలో పోరాడిన, పోరాడుతున్న, పోరాడి పోరాడి అకౌంట్లు బ్లాక్ చేయించుకున్న సైనికులందరికీ తక్షణం పెన్షన్ పథకం ప్రకటించాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నాను. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ కలిసి ఇందుకు ఒక నిధి ఏర్పాటు చేయాలి. అవి బద్ధశత్రువులు కదా, కలిసి ఎలా చేస్తాయి అని మీకు అనుమానం రావచ్చు. వచ్చిందంటే మీరూ సైనికులే. దరఖాస్తు తెచ్చుకోండి.

ఈ సైనికుడెవరో తెలియనివాళ్ల కోసం చిన్న పరిచయం. పొద్దున్నే పళ్లు కూడా తోముకోకుండా, ముక్కూ మొహం తెలియని మనిషికి సోనీ వారి ప్లేస్టేషన్ ఎందుకు గొప్పదో, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఎందుకు దండగో వివరంగా రాసేవాడు. లేదా ఆ రెండు పేర్లూ అటుదిటు మార్చి అదే రాసేవాడు. 2020 నవంబరులో కొత్త మెషీన్లు వచ్చినప్పుడు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ది 12 టెరాఫ్లాప్స్ శక్తి అన్నారు, ప్లేస్టేషన్ 5ది 10.28 అన్నారు. టెరాఫ్లాప్ అంటే ఏమిటో ఇరుపక్షాల్లోనూ చాలామందికి తెలియదు. 10.28 కన్నా 12 పెద్దదని ఒక పక్షానికి తెలుసు. పెద్దదైతే ఏమిటట అని రెండో పక్షానికి తెలుసు. ఈపాటి ఆయుధాలతో ఏళ్ల తరబడి యుద్ధం నడిపారు. తీరా చూస్తే చాలా ఆటలు రెండు మెషీన్ల మీదా, భూతద్దం పెడితే తప్ప తేడా కనపడనంత ఒకేలా ఆడాయి. భూతద్దాలు పెట్టుకుని వీడియోలు చేసేవాళ్లూ పుట్టుకొచ్చారు, వాళ్ల పెన్షన్ సంగతి యూట్యూబ్ చూసుకుంటుంది.

ఇంతటి సేవకు ప్రతిఫలం ఏమిటి? చరిత్ర చూద్దాం.

ఈ యుద్ధానికి మూలం ఒక తెగిపోయిన పొత్తు. నింటెండో, సోనీ కలిసి సూపర్ నింటెండో అనే మెషీన్‌కి సీడీ డ్రైవ్ తయారు చేద్దామనుకున్నాయి. 1991లో ఒక పెద్ద ప్రదర్శనలో సోనీ ఆ సంగతి సగర్వంగా ప్రకటించింది. మర్నాడే నింటెండో అదే ప్రదర్శనలో, మా భాగస్వామి ఫిలిప్స్ అని ప్రకటించింది. సోనీకి తల కొట్టేసినట్టయింది. ఆ అవమానంలోంచి 1994 చివర్లో జపాన్‌లో ప్లేస్టేషన్ పుట్టింది. మరుసటి సంవత్సరం అమెరికాలో జరిగిన ఈ3 అనే వీడియో ఆటల ప్రదర్శనలో, పోటీ కంపెనీ సేగా వాళ్లు తమ సాటర్న్ మెషీన్ ధర 399 డాలర్లని చెప్పి కూర్చున్నారు. సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి '299' అన్నాడు. అంతే, దిగిపోయాడు. ఈ రంగంలో ఇప్పటిదాకా వచ్చిన ఉపన్యాసాల్లో నేను పూర్తిగా ఏకీభవించింది అదొక్కటే.

సేగా 2001లో మెషీన్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. తప్పులేదు, వ్యాపారంలో అందరికీ జరిగేదే. కానీ అప్పటికి పదేళ్లుగా సేగా సైనికులు తమ ఆటల హీరో సోనిక్ పేరు మీద స్నేహాలు తెంచుకున్నారు, నింటెండో హీరో మారియో అభిమానులతో మాటలు మానేశారు. 2007లో ఏమైంది? సోనిక్, మారియో ఇద్దరూ ఒలింపిక్స్ ఆటలో పక్కపక్కన నిలబడి నవ్వుతూ పరుగుపందెం పెట్టుకున్నారు. దళపతులు రాజీపడ్డారని సైన్యానికి ఎవరైనా ముందుగా కబురు పెట్టారా? షాపులో డబ్బా మీద బొమ్మ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎక్స్‌బాక్స్ సైన్యం వంతు. ఫోర్జా ఆట తమదని, గేర్స్ ఆఫ్ వార్ ఆట తమదని, ఇవి కావాలంటే మా గూటికి రావాల్సిందేనని వీళ్లు రెండు దశాబ్దాలు చెప్పారు. 2025లో ఫోర్జా హొరైజన్ 5 ప్లేస్టేషన్‌కి వెళ్లింది. గేర్స్ వెళ్లింది. అదే ఏడాది, ఈ సైన్యానికి జెండాలాంటి హేలో ఆట కూడా వెళుతుందని ప్రకటించారు. అంతకుముందు ఏడాదే ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్ చూపించి ఇది కూడా ఎక్స్‌బాక్సే అని ప్రకటనలు ఇచ్చారు. సైనికులు ఇన్నేళ్లూ ఏ కోటకు కాపలా కాశారో ఆ కోటకి అసలు గోడలే లేవని కోట యజమానే టాంటాం వేయించాడన్నమాట.

(ఎక్స్‌బాక్స్ అంటే గుర్తొచ్చింది. మొదటి మెషీన్ పేరు ఎక్స్‌బాక్స్. రెండోదాని పేరు 360. మూడోదాని పేరు వన్. ఆ తర్వాత వన్ ఎస్, వన్ ఎక్స్, ఆపైన సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్. ఎక్సెల్ తయారుచేసిన కంపెనీ లెక్కపెట్టే పద్ధతి ఇది.)

మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో, కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల ఆట తయారుచేసే యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఒక శిబిరంలో సంబరాలు, రెండో శిబిరంలో సంతాపం. ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి వచ్చిందని ఈ సంబరం, ఎవరి ఖాతాలోంచి పోయిందని ఆ ఏడుపు అని ఎవరూ అడగలేదు. కాల్ ఆఫ్ డ్యూటీ ఇంకో పదేళ్లు ప్లేస్టేషన్ మీద కూడా ఉంటుందని ఆ కొనుగోలు పూర్తికాకముందే రెండు కంపెనీలూ సంతకాలు చేసుకున్నాయి. సైనికులు మాత్రం సంతకాల తర్వాత కూడా కొట్టుకున్నారు.

ఇక యుద్ధ వ్యయం. మామూలు యుద్ధాల్లో తుపాకీ ప్రభుత్వం ఇస్తుంది. ఇక్కడ తుపాకీ సైనికుడే కొనుక్కోవాలి, తూటాలు కొనుక్కోవాలి, కాల్చడానికి నెలనెలా చందా కట్టాలి. యూనిఫామ్ రంగు మార్చుకోవాలంటే దానికి వేరే రేటు.

దీన్ని తప్పుపట్టేవాళ్లకి వ్యాపారం తెలియదని కంపెనీల పక్షాన నేనే చెప్పేస్తాను. 2021లో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ కంపెనీకీ యాపిల్‌కీ మధ్య నడిచిన కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ ప్రతినిధి సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ మెషీన్ల అమ్మకం మీద తమకు ఎన్నడూ లాభం రాలేదన్నారు. అంటే మెషీన్ అమ్మడం దానధర్మం కిందికి వస్తుంది. ఆ తర్వాత వాళ్ల స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి ఆటలో సుమారు 30 శాతం వాళ్ల వాటా, చందా వాళ్లది, స్కిన్‌ల (ఆటలో బొమ్మలకు తొడిగే వేషాల) మీద కమీషన్ వాళ్లది. దాతలకు ఈమాత్రం దక్షిణ ఉండాలి కదా. అందుకే మీరు మెషీన్ కొన్న రోజు వాళ్లకి ముఖ్యం కాదు. కొన్నాక మీరు కదలకుండా ఉండటం ముఖ్యం. స్టోర్‌లో కొన్న ఆటలు, సంపాదించిన ట్రోఫీలు, ఫ్రెండ్స్ లిస్టు అన్నీ ఒకే గూట్లో పేరుకుంటే, పక్క మెషీన్ ఎంత బాగున్నా వదిలి వెళ్లడానికి మనసొప్పదు. దీన్నే సైనికులు విధేయత అంటారు. బ్యాలెన్స్ షీటులో దీనికి వేరే పేరు ఉంటుంది.

ఒకప్పుడు ఈ దానధర్మానికి ఒక నియమం ఉండేది. మెషీన్ పాతబడేకొద్దీ ధర తగ్గేది. 2000లో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2 చివరికి 2009లో 99 డాలర్లకు దిగింది. ఓపిక పట్టినవాడిదే గెలుపు. ఇప్పుడు? 2020లో 499 డాలర్లున్న సిరీస్ ఎక్స్ అమెరికాలో 2025 అక్టోబరుకి 649 దాటింది. ప్లేస్టేషన్ 5 కూడా అయిదేళ్లు దగ్గరపడ్డాక, 2025లో, 50 డాలర్లు పెరిగింది. కారణం ఆర్థిక వాతావరణం బాగోలేదట. సుంకాలు పెరిగాయి, చిప్‌లు చిన్నవవుతున్నా చవకబడటం ఆగిపోయింది, నిజమే, ఈ మాటలు పూర్తిగా సాకులు కావు. కాకపోతే ఆ వాతావరణం ఎప్పుడు చూసినా వినియోగదారుడి నెత్తినే కురుస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఘట్టం 2013 నాటిది. ఎక్స్‌బాక్స్ వన్‌లో సెకండ్ హ్యాండ్ ఆటల మీద రకరకాల ఆంక్షలు పెడతామని మైక్రోసాఫ్ట్ చెప్పి తిట్లు తింటున్న సమయం. సోనీ చిన్న వీడియో ఒకటి వదిలింది. ఒకాయన ఆట డబ్బా తీసి పక్కాయన చేతికిస్తాడు, పక్కాయన థాంక్స్ అంటాడు. ఆట షేర్ చేసుకోవడం ఇంత సులువు అని భావం. సైన్యం ఉప్పొంగిపోయింది. ప్లేస్టేషన్ 4లో ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఇకమీదట చందా కట్టాలన్న కబురు కూడా అదే ఈ3లో చల్లగా బయటికొచ్చింది, చప్పట్ల హోరులో చాలామందికి వినపడలేదు. పదకొండేళ్ల తర్వాత అదే సోనీ 699 డాలర్లకు ప్లేస్టేషన్ 5 ప్రో తెచ్చింది. అందులో డిస్కు డ్రైవ్ లేదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నిలబెట్టే స్టాండ్ కూడా విడిగానే. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడాడని వెనకటికి ఎవరినో ఎగతాళి చేశారు గానీ, అంకుశం, తొండం, నాలుగు కాళ్లు వేటికవే బిల్లు వేసే వ్యాపారిని ఆ సామెత కనిపెట్టినాయన చూసి ఉండడు.

చందా దగ్గర మాత్రం మూడు కంపెనీల ఐకమత్యం చూసి తీరాలి. ఇంటర్నెట్ బిల్లు మీరు కడతారు. అవతల మీ ఫ్రెండ్ తన బిల్లు తను కడతాడు. మెషీన్లు ఇద్దరివీ, ఆట ఇద్దరూ కొన్నదే. అయినా ఇద్దరూ కలిసి ఆడాలంటే ఇద్దరూ విడివిడిగా కప్పం కట్టాలి. ఈ దారి 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ చూపించింది, సోనీ 2013లో అనుసరించింది, నింటెండో 2018లో చేరింది. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకి ఇప్పుడు మినహాయింపు ఇచ్చారు, ఎందుకంటే అక్కడ దోపిడీ లోపల జరుగుతుంది, గేటు దగ్గర టికెట్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వారి చందా పథకం గేమ్ పాస్ అల్టిమేట్ 2019లో నెలకి సుమారు 15 డాలర్లు. 2025 అక్టోబరు నాటికి 30. ముందు అలవాటు, తర్వాత రేటు.

గుర్రానికి కవచం సంగతి చెప్పకపోతే యుద్ధచరిత్ర అసంపూర్ణం. 2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని 2.50 డాలర్లకు అమ్మారు. ఆ కవచం గుర్రాన్ని రక్షించిందో లేదో గానీ ఒక పరిశ్రమను నిలబెట్టింది. అప్పుడు నవ్వినవాళ్లే తర్వాత తుపాకీకి గులాబీరంగు వేయించుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు కట్టారు. 2025లో అదే ఆట కొత్త హంగులతో వచ్చింది. ఖరీదైన ఎడిషన్‌లో మళ్లీ గుర్రపు కవచం ఉంది.

ఆట ధర 60 నుంచి 2020లో 70 డాలర్లకు, 2025లో మారియో కార్ట్ వరల్డ్‌తో 80కి చేరింది. తొంభైల్లో కూడా కొన్ని క్యాట్రిడ్జ్‌లు (ఆట నింపిన ప్లాస్టిక్ డబ్బీలు) 70 డాలర్లుండేవని, ద్రవ్యోల్బణం లెక్కేస్తే ఇప్పుడే చవకని కంపెనీలు వాదిస్తాయి. లెక్క తప్పు కాదు. కానీ ఆ క్యాట్రిడ్జ్ మీదగ్గరే ఉండేది, ఊది పెడితే ఆడేది. ఇప్పుడు నింటెండో వారి స్విచ్ 2 మెషీన్‌కి కొన్ని ఆటలు కొంటే పెట్టె ఉంటుంది, పెట్టెలో కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. అది డౌన్‌లోడ్ చేసుకోవడానికి అనుమతి మాత్రమే. యూబీసాఫ్ట్ వాళ్ల ది క్రూ అనే రేసింగ్ ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు బీరువాలో మెరుస్తూనే ఉంది, ఆట చచ్చిపోయింది. దానిమీద ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలతో ఉద్యమం నడిచింది. పక్క మెషీన్ మీద కోపం లేకుండా సైనికులు ఏకమైన అరుదైన సందర్భం అది, అందుకే పెన్షన్ లెక్కలో దీనికి బోనస్ ఇవ్వాలని నా సిఫారసు.

ఇదంతా సరే, ఇంతకీ ఏది కొనాలి అంటారా? మీ ఫ్రెండ్స్ దగ్గర ఏది ఉంటే అది. టెరాఫ్లాప్స్ మీతో రాత్రి రెండింటికి ఆడటానికి రావు. ఫ్రెండ్స్ లేకపోతే నింటెండో, ఎందుకంటే దాని ఆటలు ఇంకో కన్సోల్‌కి రావు, ధరలూ తగ్గవు, కాబట్టి ఎప్పుడు కొన్నా ఒకటే బాధ. పీసీ కొనమని ఒక వర్గం చెబుతుంది. వాళ్లు తటస్థ దేశం వాళ్లు. యుద్ధాన్ని గట్టుమీద నుంచి చూసి నవ్వుతారు, తర్వాత ఇంటికెళ్లి గ్రాఫిక్స్ కార్డు ధర చూసి ఏడుస్తారు. వాళ్లు ఆటలు కొనే స్టోర్ స్టీమ్ కూడా ఆ 30 శాతం దగ్గరే మొదలుపెడుతుందని వాళ్లకి గుర్తుచేయకండి, మనసు కష్టపెట్టుకుంటారు. వాళ్లు పెన్షన్‌కి అనర్హులు.

అర్హతల విషయంలో నేను ఉదారంగానే ఉన్నాను. కనీసం ఒక్క మెషీన్ విడుదలకు ముందే డబ్బు కట్టి ఉండాలి. తను ఒక్కసారి కూడా ఆడని ఆట పక్క మెషీన్ మీద చెత్తగా ఉందని ఒక్కసారైనా రాసి ఉండాలి. ధర పెంచిన రోజున కంపెనీ తరఫున వాదించినవాళ్లకి గాయపడిన సైనికుల కోటా కింద అదనపు భత్యం.

కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయనే నా నమ్మకం. ఒక్క షరతు పెడతాయి, పెన్షన్ నగదుగా కాదు, పాయింట్ల రూపంలో. వెనకటి మైక్రోసాఫ్ట్ పాయింట్ల పద్ధతిలోనే, డాలరుకి 80 చొప్పున. నెలకి 400 పాయింట్లు వస్తాయి, స్టోర్‌లో అన్నిటికన్నా చవకైనది 480 ఉంటుంది, తక్కువైన 80 విడిగా అమ్మరు, 500 పాయింట్ల కట్ట మొత్తంగానే కొనాలి.