‘వలిక్కుదు’ అంటే ఏ నొప్పి?

పినాకిని రైల్లో వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్లను గమనిస్తే, స్కాన్ ఫిల్ముల కవరు చంకలో పెట్టుకున్న మనిషి ఒక్కరైనా కనిపిస్తారు. నెల్లూరో, గూడూరో, ఒంగోలో. ఊళ్లో డాక్టర్లందరినీ చూపించుకున్నారు, మాత్రలన్నీ మింగారు. ‘నరాల నొప్పి ఇంతేనండీ, అలవాటు చేసుకోండి’ అనే మాట కూడా వినేశారు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

ఎందుకంటే అది వైద్యం కాదు, చేతులు దులుపుకోవడం. 2015లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో నరాల నొప్పి మందుల మీద ఒక పెద్ద సమీక్ష వచ్చింది. డమ్మీ మాత్రతో పోలిస్తే అదనంగా ఒక్కరికి నొప్పి సగం తగ్గాలంటే ప్రీగాబలిన్ ఎంతమందికి ఇవ్వాలి? 7.7 మందికి. డులోక్సెటిన్ రకం అయితే 6.4, అమిట్రిప్టిలిన్ లాంటి పాతకాలపు మందులైతే 3.6. అంటే మొదటి మందు పారకపోవడం వింతేమీ కాదు, లెక్కలోనే ఉంది. మరి రెండో మందు సంగతి మొదటి రోజే చెప్పొద్దా?

పైగా మన దగ్గర చాలాసార్లు మొదటి మందునైనా సరిగా వాడి చూడరు. 75 మిల్లీగ్రాముల ప్రీగాబలిన్‌కు బి12 కలిపిన మాత్ర, రాత్రికి ఒకటి, ఆరు నెలలు. తర్వాత ‘మందు పనిచేయలేదు’ అని తీర్పు. పరిశోధనల్లో ఎక్కువగా మేలు కనిపించింది రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల మధ్య. మత్తు, కాళ్లవాపు, కిడ్నీల పరిస్థితి చూసుకుంటూ పెంచాలి కాబట్టి అది డాక్టరు చేయాల్సిన పని, మనం సొంతంగా చేసుకునేది కాదు. ఆ పనే జరగడం లేదు.

పెరంబూరులో ఉండే మా పెద్దమ్మకు వీపు నుంచి పక్కటెముకల దాకా అక్కి వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లు చెప్పారని ముందు కావిమట్టితో అక్కి రాయించారు. వైరస్ మందు మొదలుపెట్టాల్సిన 72 గంటలు అలా గడిచిపోయాయి. పొక్కులు నెలలో మానిపోయాయి, మంట మాత్రం ఉండిపోయింది. ఒక పెద్ద ఆసుపత్రిలో కండరాల నొప్పి అన్నారు. నాలుగు నెలలు పెయిన్ కిల్లర్లు మింగితే కడుపులో మంట కూడా తోడైంది. జాకెట్టు కింద మచ్చలున్నాయని ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఆ డాక్టరు గదిలో ఆమె అన్నది ఒకే మాట: ‘వలిక్కుదు.’ తమిళంలో ‘నొప్పిగా ఉంది’ అని. తమిళం ఆమెకు కూరగాయల బేరానికి సరిపోయేంత వచ్చు. ఇంట్లో మాతో మాత్రం ‘కారం పూసినట్టుందిరా, ఉండుండి జివ్వున కరెంటు కొడుతోంది, ఫ్యాను గాలికి సూదులు గుచ్చినట్టుంది, జాకెట్టు తగిలితే ప్రాణం పోతోంది’ అనేది. నరాల నొప్పిని పట్టుకోవడానికి డీఎన్4 అని ఒక ప్రశ్నావళి ఉంది. అందులో 10 అంశాలుంటే 7 రోగి నోటిమాటే: మంట, బాధపెట్టే చల్లదనం, కరెంటు షాక్, చీమలు పాకడం, సూదులు గుచ్చడం, తిమ్మిరి, దురద. మిగతా 3 డాక్టరు తాకి చూసేవి. మొత్తం మీద 4 తేలితే నరాల నొప్పిగా అనుమానించాలి. పెద్దమ్మ మాటల్లోనే మూడున్నాయి. నాలుగోది జాకెట్టు, అంటే పైపైన తగిలినా నొప్పి. తమిళంలోకి వెళ్లేసరికి అన్నీ కలిసి ఒక్క ‘వలి’ అయ్యాయి.

తమిళాన్ని తప్పుపట్టడం లేదు, ఆ భాషలోనూ మంటకు, తిమ్మిరికి వేరే మాటలున్నాయి. మనకు అవి రావు, అంతే. తెలుగులో పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, పీకు వేరు. 1975లో రొనాల్డ్ మెల్జాక్ 78 ఇంగ్లిషు మాటలు పోగేసి నొప్పిని కొలిచే మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. మన అమ్మమ్మల నోటి నుంచి అంతకు తక్కువేం రాలవు. తెలుగులో వైద్యం అంటే పాఠ్యపుస్తకాల అనువాదం అనుకుంటాం. ముందు కావాల్సింది రోగి మాట డాక్టరు చీటీలోకి ఎక్కడం.

వినడం వల్ల ఏమవుతుందో ఈ చెన్నైలో చదువుకున్న మనిషే చూపించాడు. స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి మెదడు శాస్త్రవేత్త అయిన వి.ఎస్. రామచంద్రన్. తీసేసిన చెయ్యి పిడికిలి బిగించినట్టుంది, గోళ్లు గుచ్చుకుంటున్నాయి అని రోగులు చెబితే నవ్వి పంపేయలేదు. 1990లలో ఒక మామూలు అద్దం నిలబెట్టి, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి చోట చూపించాడు. కొందరికి ఆ పిడికిలి విడింది. అందరికీ కాదు, నిజమే.

ఓపీలో వందమంది ఉంటే ఇంతసేపు ఎవరు వింటారని డాక్టర్లు అంటారు. నొప్పి తగ్గించడానికి వెన్నుకు అమర్చే కరెంటు పరికరాలకు (స్టిమ్యులేటర్లకు) లక్షలవుతాయి, మార్ఫిన్ జాతి మందులు విచ్చలవిడిగా రాసి అమెరికా ఏమైందో చూశాం అని కూడా అంటారు. ఒప్పుకుంటాను. కానీ రెండో మెట్టు అంటే లక్షల యంత్రమే కానక్కర్లేదు. రెండు మందులు కలిపి ఇవ్వొచ్చు, చర్మాన్ని మొద్దుబార్చే లిడోకేన్ పట్టీ వేయొచ్చు, నరం దగ్గర మత్తు సూది వేసి బ్లాక్ చేయొచ్చు. మొహంలో మెరుపులా కొట్టే ట్రైజెమినల్ నొప్పికైతే ఆపరేషన్ కూడా ఉంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌తో చేసిన 8 శాతం పట్టీ కూడా విదేశాల్లో వాడుకలో ఉంది, మన గుంటూరు వాళ్లకు చెబితే నమ్మరు! (ఇంట్లో కారంతో ప్రయోగాలు చేయొద్దు.) ఈ మెట్లేవీ చూపించకపోతే రోగి పొట్లాల్లో పొడులమ్మేవాడి దగ్గరికి పోతాడు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికిందని 2008లో అమెరికా వైద్య పత్రిక జామా రాసింది. సీసం, ఆర్సెనిక్ నరాలనే తినేస్తాయి.

పెద్దమ్మకు మూడో డాక్టరు నార్‌ట్రిప్టిలిన్, పట్టీ కలిపి రాశాడు. నొప్పి పోలేదు. పదికి ఎనిమిది ఉండేది నాలుగుకు దిగింది, జాకెట్టు వేసుకుంటోంది. ఆ డాక్టరుది చిత్తూరు. ఇక ఆ మొదటి ఆసుపత్రిలో తెలుగు మాట్లాడే మనిషి లేకపోలేదు. ఉన్నాడు, బిల్లు కౌంటరు దగ్గర.