అట్ట కాదు, కుట్టు చూడండి

పుస్తకం కొనేటప్పుడు హార్డ్‌కవరా, పేపర్‌బ్యాకా అని ఆలోచించేవాళ్ల మనసులో సాధారణంగా ఒకటే లెక్క ఉంటుంది. గట్టి అట్టయితే చాలా కాలం మన్నుతుంది, మెత్తటి అట్టయితే తొందరగా పాడవుతుంది, కాబట్టి డబ్బులుంటే మొదటిది, లేకపోతే రెండోది. నేనూ ఏళ్ల తరబడి ఈ లెక్కతోనే కొన్నాను. అది తప్పని నాకు తెలిసొచ్చింది ఒక నిఘంటువు వల్ల.

రోజూ వాడుకోవాలని, జీవితాంతం ఉండాలని, కాస్త ఎక్కువే పెట్టి కొన్న పెద్ద నిఘంటువు అది. గుడ్డ కప్పిన అట్ట, బంగారు రంగు అక్షరాలు, వెన్ను పైకొసన ఎరుపూ తెలుపూ చారల పట్టీ, గుర్తుకోసం ఒక రిబ్బను. రెండేళ్లు తిరక్కుండానే ఒకరోజు తెరుస్తుంటే సరిగ్గా నడిమధ్యలో పటుక్కుమంది. చూస్తే రెండు పేజీల మధ్య పైనుంచి కిందిదాకా చీలిక, దాని అడుగున గాజుముక్కలా ఎండిపోయిన జిగురు. అక్కణ్నుంచి ఒక్కో పేజీ చేతికి రావడం మొదలైంది. అదే అరలో మా నాన్న చదువుకునే రోజుల్లో కొనుక్కున్న ఒక మెత్తటి అట్ట పుస్తకం ఉంది. దాని అట్ట సగం చిరిగింది, మూలలు గుండ్రంగా అరిగిపోయాయి, కాగితం పసుపెక్కింది, కానీ ఒక్క పేజీ కూడా ఊడలేదు. రెండూ పక్కపక్కన పెట్టి వెన్ను వైపు చూశాక తేడా తెలిసింది. నాన్నది కుట్టిన పుస్తకం, నా నిఘంటువు అంటించిన పుస్తకం.

పెద్ద కాగితానికి రెండువైపులా పేజీలు అచ్చేసి మడతలు పెడితే, 16 పేజీలో 32 పేజీలో ఉండే ఒక కట్ట తయారవుతుంది. ప్రెస్సులో దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేరిస్తే పుస్తకం. ఇక్కణ్నుంచి దారులు రెండు. మొదటి దారిలో ప్రతి ఫారాన్నీ దాని మడత మధ్యలోంచి దారంతో కుట్టి, అదే దారంతో పక్క ఫారానికి ముడివేస్తూ పోతారు. రెండో దారిలో ఆ మడతలనే మరతో కొన్ని మిల్లీమీటర్ల మేర కోసేసి, తెగిన అంచును గరుకుగా గీరి, వేడి జిగురు పూసి, అట్ట అంటిస్తారు. దీన్ని పర్‌ఫెక్ట్ బైండింగ్ అంటారు. కుట్టిన పుస్తకంలో పేజీ ఊడాలంటే కాగితమన్నా చిరగాలి, దారమన్నా తెగాలి. అంటించిన పుస్తకంలో మడతలు పోయాయి కాబట్టి ప్రతి కాగితమూ విడి కాగితమే, దాని సన్నటి అంచుకి తగులుకున్న కాస్త జిగురే దానికి ఆధారం. ఈ పనికి ఎక్కువగా వాడే ఈవీఏ రకం జిగురు చలికి బిరుసెక్కి పగులుతుంది, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మెత్తబడుతుంది. పీయూఆర్ అనే ఇంకో రకం ఉంది, అది వంగుతుంది కూడా, పట్టు కూడా బాగా ఎక్కువ. కాబట్టి జిగురు పుస్తకాలన్నీ పనికిరానివని నేననను. కానీ ఇరవై ఏళ్లు రోజూ తెరవాల్సిన పుస్తకాన్ని జిగురుకి అప్పజెప్పడం మాత్రం తప్పే.

ఇంకో సంగతి, పైన ఏ అట్ట వేశారన్నదానికీ లోపల ఏం చేశారన్నదానికీ సంబంధం లేదు. హార్డ్‌కవర్లో పేజీల దిమ్మ వేరుగా తయారవుతుంది, అట్ట వేరుగా తయారవుతుంది, మొదట్లో చివర్లో ఉండే మందపాటి ఖాళీ కాగితాలతో రెంటినీ కలుపుతారు. ఆ దిమ్మ కుట్టిందీ కావచ్చు, అంటించిందీ కావచ్చు. ఈమధ్య వస్తున్న హార్డ్‌కవర్లలో అంటించినవి బోలెడు. అంటే పేపర్‌బ్యాక్ కోసం తయారు చేసినలాంటి దిమ్మకే రెండు మూడు మిల్లీమీటర్ల మందం అట్ట తొడుగుతున్నారు. నా నిఘంటువుకి జరిగింది అదే. దాని వెన్ను మీద చారల పట్టీ చూసి నేను కుట్టు అనుకున్నాను. పూర్వం ఆ పట్టీని నిజంగానే దారంతో పుస్తకానికి కలిపి కుట్టేవారు, కొసలు చిరక్కుండా అది కాపాడేది. ఇప్పుడు బజార్లో దొరికే పుస్తకాల్లో చాలావరకూ అది గజాల లెక్కన తెచ్చి ముక్కలు కోసి అంటించే అలంకారం. నాకు దీని మీద నిజంగా కోపముంది. చూసేవాళ్లకి గట్టి పుస్తకమన్న నమ్మకం కలిగించే గుర్తును ఉంచి, గట్టిదనాన్ని తీసేయడం పాఠకుడికి అన్యాయం చేయడమే.

పోనీ కుట్టించుకుందామని బైండరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అట్ట విప్పి, వేలితో వెన్ను తడిమి, "మడతలే లేవు కదండీ, దారం ఎక్కడ పెట్టను?" అన్నాడు. పక్కనుంచి రంధ్రాలు పొడిచి కుట్టొచ్చట, కానీ లోపలి మార్జిన్ అసలే తక్కువ, అలా కుడితే ప్రతి పంక్తిలో కొసన ఉన్న అక్షరాలు కుట్టులోకి పోతాయి, పుస్తకం సగానికి మించి తెరుచుకోదు. చివరికి పాత జిగురంతా గీకి, కాగితాలను విసనకర్రలా అటూ ఇటూ వంచి, అంచుల సందుల్లోకి కొత్త జిగురు పట్టించి ఇచ్చాడు. ఇప్పటికి నిలబడింది. అదే కుట్టిన పుస్తకమైతే, దారం తెగినా ఫారాల మడతలు అలాగే ఉంటాయి, మళ్లీ కుట్టొచ్చు. చెడిపోయినా బాగుచేసుకోగలగడం కుట్టులో ఉన్న పెద్ద గుణం, నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

చూసి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పుస్తకాన్ని మూసి పైఅంచు కనపడేలా పట్టుకుని వెన్ను దగ్గర చూడండి. చిన్న చిన్న కట్టలు పక్కపక్కన ఒదిగినట్టు, ఒక్కో కట్టా కాస్త వంపు తిరిగి కనిపిస్తే అవి ఫారాల మడతలు. సమంగా, కత్తితో కోసిన రొట్టె దిమ్మలా ఉంటే అంటించింది. ఇంకా అనుమానముంటే తెరిచి పేజీలు తిప్పుతూ పోండి, ఒక ఫారం మధ్యకొచ్చినప్పుడు మడత లోపల దారం కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, మడతలు కనిపించినంత మాత్రాన కుట్టారని కాదు, మడతలు పూర్తిగా కోయకుండా గాట్లు మాత్రం పెట్టి జిగురు ఎక్కించే పద్ధతీ ఉంది, కాబట్టి దారం కళ్లబడేదాకా నమ్మకండి.

మరి గట్టి అట్టకి అంత ధర ఎందుకంటే, చాలావరకూ అది అట్ట ధర కాదు, ముందుగా చదివే ధర. ఇంగ్లీషు ప్రచురణలో కొత్త పుస్తకం ముందు హార్డ్‌కవర్‌గా వస్తుంది, సుమారు ఏడాది తర్వాత పేపర్‌బ్యాక్ వస్తుంది. అట్టకీ గుడ్డకీ అయ్యే అదనపు ఖర్చు, రెంటి ధరల మధ్య తేడాలో చిన్న భాగమే. ఆగలేనివాళ్లు ఎక్కువిస్తారు, ఆగగలిగేవాళ్లు తక్కువిస్తారు. ఇందులో నాకు తప్పు కనిపించదు, పైగా ఒక్కో ప్రతి మీద రచయితకు వచ్చేది సాధారణంగా హార్డ్‌కవర్లోనే ఎక్కువ. ఇష్టమైన రచయిత కొత్త పుస్తకం మొదటి వారంలోనే కొనడం మంచి పనే. కాకపోతే మనం దేనికి డబ్బిస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

అట్టకి ఇంత హోదా రావడం కూడా పాత సంగతేం కాదు. అచ్చు పుట్టాక కొన్ని శతాబ్దాల పాటు పుస్తకాలు విడి ఫారాలుగానో, తాత్కాలికంగా చుట్టిన కాగితపు అట్టతోనో అమ్ముడయ్యేవి, కొన్నవాళ్లు తమ స్తోమతును బట్టి బైండు చేయించుకునేవాళ్లు. ఇంగ్లండులో ప్రచురణకర్తలే గుడ్డ బైండు వేసి అమ్మడం 1820లలో ఊపందుకుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో టౌఖ్నిట్జ్ ప్రచురణ సంస్థ 1841లో మొదలుపెట్టిన ఇంగ్లీషు పుస్తకాల వరస కాగితపు అట్టతోనే వచ్చేది. ఫ్రాన్స్‌లో కొత్త నవల ఈరోజుకీ మెత్తటి అట్టతోనే ముందు వస్తుంది, దాన్ని అక్కడెవరూ తక్కువగా చూడరు. 1935లో ఇంగ్లండులో అలెన్ లేన్ అనే ప్రచురణకర్త పెంగ్విన్ పేరుతో మొదటి పది పుస్తకాలు ఒక్కోటీ ఆరు పెన్నీలకు తెచ్చాడు, అప్పట్లో గట్టి అట్టతో కొత్త నవల సాధారణంగా ఏడున్నర షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీల లెక్కన దానికి పదిహేను రెట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి అమెరికా తన సైనికులకు జేబులో పట్టే పేపర్‌బ్యాక్‌లు పన్నెండు కోట్లకు పైగా అచ్చేసి పంచింది. బరువు మోయలేని మనిషి దగ్గరికి పుస్తకం వెళ్లాలంటే అది తేలిగ్గా ఉండక తప్పదు.

నేను పేపర్‌బ్యాక్‌ను సమర్థించేది ముఖ్యంగా ఈ బరువు కోసమే. పడుకుని చదివేవాళ్లకి, బస్సులో రైల్లో ఒక చేత్తో పట్టుకుని చదివేవాళ్లకి, వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఏడు వందల పేజీల హార్డ్‌కవర్ నిజంగా శిక్ష. మనం అలమారా కోసం పుస్తకం కొనకూడదు, చేతుల కోసం కొనాలి. అయితే పేపర్‌బ్యాక్ అంతా హాయే అనుకోవద్దు. కొన్ని రెండు చేతులతో బలవంతంగా విప్పి పట్టుకుంటే తప్ప తెరుచుకోవు, బొటనవేలు తీస్తే చాలు మూసుకుపోతాయి. దీనికి తరచూ కారణం కాగితం పోగు, అంటే అందులో నార సాగిన దిశ. కాగితంలో నార ఒక దిశలో ఎక్కువగా పరుచుకుని ఉంటుంది, ఆ దిశ వెన్నుకు సమాంతరంగా ఉంటే పేజీ చక్కగా వాలుతుంది, అడ్డంగా ఉంటే మొండికేస్తుంది. ప్రెస్సులో కాగితం వృథా కాకూడదని కొందరు అడ్డంగా అచ్చేస్తారు. కొనేముందు ఒక పది పేజీలు వంచి వదిలి చూడండి, వెంటనే తెలుస్తుంది. తేమ కాలంలో అట్ట బయటికి చుట్టుకుపోవడం కూడా చాలామంది చూసే ఉంటారు. బయట ప్లాస్టిక్ లామినేషన్ తేమ పీల్చదు, లోపలి వైపు కాగితం పీల్చి ఉబ్బుతుంది, అంతే. పైన మరీ బరువు కాని పుస్తకమేదైనా పెట్టి ఉంచితే చాలా వరకు సర్దుకుంటుంది.

కాగితం సంగతి కూడా అట్టను చూసి తేల్చుకోలేం. 1840ల తర్వాత చెక్క గుజ్జు కాగితం రావడం, అచ్చుకాగితానికి పటిక కలిపే పద్ధతి వల్ల ఆమ్లం చేరడం, ఈ రెండూ కలిసి లక్షల పుస్తకాలను పసుపుపచ్చగా మార్చి, వేలితో మడిస్తే విరిగేలా చేశాయి. వాటిలో తోలు బైండ్లు వేసుకున్నవీ ఉన్నాయి. ఆమ్లం లేని, ఎక్కువకాలం నిలిచే కాగితానికి 1994లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ నుంచి 9706 అనే ప్రమాణం వచ్చింది, వృత్తంలో అనంతం గుర్తు ఉంటే ఆ కాగితమని అర్థం. ప్రచురణ వివరాల పేజీలో ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఇక నేనెలా కొంటున్నానంటే, ఒకసారి చదివి ఇంకొకరికి ఇచ్చేసే నవలైతే పేపర్‌బ్యాకే, జిగురుదైనా పర్వాలేదు. నిఘంటువు, వ్యాకరణం, మళ్లీ మళ్లీ తిరగేసే కవిత్వం, బల్ల మీద పరిచి పెట్టుకోవాల్సిన వంటల పుస్తకం, ఇవి మాత్రం కుట్టినవే కావాలి. అట్ట ఏదైనా సరే. కుట్టిన పేపర్‌బ్యాక్, అంటించిన హార్డ్‌కవర్ రెండూ ఒకే ధరకి దొరికితే నేను కళ్లు మూసుకుని మొదటిదే తీసుకుంటాను. పిల్లల పుస్తకాలకి మాత్రం గట్టి అట్టే మేలు, అదీ కుట్టినదైతేనే. కింద పడేస్తారు, మీద కూర్చుంటారు, మూలలకి ఆ మందం కావాలి. పెద్ద బరువైన హార్డ్‌కవర్లను నిలబెట్టి పెట్టకండి, అట్ట పేజీల కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది కాబట్టి దిమ్మ గాల్లో వేలాడుతూ ఏళ్ల తరబడి కిందికి లాగి అట్ట నుంచి విడిపోతుంది, వాటిని పడుకోబెట్టాలి. అరలోంచి తీసేటప్పుడు వెన్ను పైకొస పట్టుకుని లాగకండి, పక్క రెండు పుస్తకాలను లోపలికి నెట్టి మధ్యదాన్ని నడుం దగ్గర పట్టుకోండి.

చేత్తో పట్టుకుని కొనేవాళ్లకి ఇవన్నీ కుదురుతాయి. కానీ ఇప్పుడు సగం పుస్తకాలు ఫోన్లో చూసి కొంటున్నాం, అక్కడ కనిపించేది ముఖచిత్రం, పక్కన హార్డ్‌కవర్ అనో పేపర్‌బ్యాక్ అనో ఒక్క మాట. ఆ మాట అట్ట గురించి చెబుతుంది, పుస్తకం గురించి చెప్పదు. పేజీల సంఖ్య రాస్తారు, పొడవు వెడల్పులు రాస్తారు, గ్రాముల్లో బరువు కూడా రాస్తారు. కుట్టారా, అంటించారా అన్నది మాత్రం రాయరు. ప్రచురణకర్తకు ఈ సంగతి ఎటూ తెలుసు, బైండింగ్ ఆర్డరు ఇచ్చిందే ఆయన. నేను ఈమధ్య ఖరీదైన పుస్తకం ఏది కొనాలన్నా ముందు ప్రచురణ సంస్థకి ఒక మెయిల్ రాసి ఈ ప్రశ్న అడుగుతున్నాను. కొందరు ఆరోజే జవాబిస్తారు, కొందరు అసలు ఇవ్వరు. జవాబు రాని పుస్తకాన్ని పేపర్‌బ్యాక్‌లో కొనుక్కుంటున్నాను.